రెండు కొనలు, మధ్యలో దారి: ఇంటి నెట్‌వర్క్‌కు సరైన కేబులు గుర్తించడం ఎలా?

కడపలో ఎలక్ట్రికల్ దుకాణానికి వెళ్లి "నెట్ వైరు కావాలి" అంటే వెంటనే వచ్చే ప్రశ్న "ఎన్ని మీటర్లు?" అనే. ఎండలో వేస్తారా, గోడలోనా, ఆ చివర ఏ పరికరం ఉంది అని అడిగేవారు అరుదు. అడగలేదు కాబట్టి మనమూ చెప్పం. ఇంటికి తెచ్చాక జాక్ దూరదు. లేదా దూరుతుంది గానీ వేగం రాదు. లేదా సంక్రాంతికి వేసినది మే నెల ఎండలకు తొడుగు పగిలి ఊరుకుంటుంది.

"ఏ కేబులు తెచ్చుకోవాలి?" అని వారానికి ఒకరైనా నన్ను అడుగుతుంటారు. ఫోనులో సగం చెప్పి సగం వదిలేయడం కంటే మొదటి నుంచి వరుసగా రాయడమే నయమనిపించింది. గుర్తుంచుకోవలసింది ఇంతే: కేబులు పేరుతో మొదలుపెట్టకండి. దాని రెండు కొనలు ఏ రంధ్రాల్లో దూరాలి, మధ్యలో అది ఏ దారిన పోవాలి, ఈ సంగతులు ముందు తేల్చుకోండి. అవి తేలితే కొనవలసిన కేబులు దాదాపు తేలిపోయినట్టే.

1. ముందు కాగితం మీద ఇల్లు గీయండి

పెద్ద బొమ్మ అక్కర్లేదు. గదులు, ఫైబరు పెట్టె (బయటి నుంచి నెట్ వచ్చి చేరే యంత్రం) ఉన్న చోటు, టీవీ, కంప్యూటరు, కెమెరాలు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తులు పెడితే చాలు. గోడల మందం కూడా రాసుకోండి. మన వైపు పాత ఇళ్లలో అడుగున్నర మందం రాతి గోడలు, కడప బండలు పరిచిన అటకలు, అలమరాలు మామూలే. ముందు గదిలో నిండుగా ఉన్న వైఫై రెండు రాతి గోడలు దాటి వంటింటికి చేరేసరికి ఒక్క గీతకు పడిపోతుంది. అక్కడ ఇంకో వైఫై యంత్రం తెచ్చి పెట్టినా, దానికి వెనక నుంచి కేబులు అందకపోతే ఆ ఒక్క గీతనే అది మళ్లీ పంచుతుంది.

కొలత తీసేటప్పుడు తిన్నగా టేపు పట్టకండి. కేబులు గోడ వెంట ఎక్కి, పైన నడిచి, మళ్లీ దిగుతుంది. పదడుగుల దూరానికి పాతికడుగులు పట్టడం మామూలే.

కాగితం మీద ఉండవలసినవి:
- ప్రతి పరికరం, దాని వెనక ఉన్న సాకెట్టు రకం
- కేబులు నడిచే దారి పొడవు, దానికి ప్రతి కొన దగ్గరా ఒక మీటరు అదనం
- దారిలో ఎండ తగిలే భాగం, వాన తగిలే భాగం
- కరెంటు వైర్లు ఉన్న పైపులు, మోటారు, ఇన్వర్టరు ఎక్కడున్నాయో
- ఆ చివరి పరికరానికి దగ్గరలో ప్లగ్గు పాయింటు ఉందా, లేదా

చివరిది చాలామంది వదిలేస్తారు. డాబా మీద కెమెరా పెట్టాలనుకుని, అక్కడ కరెంటు లేదన్న సంగతి నిచ్చెన ఎక్కాక గుర్తొస్తుంది. ఆ సమస్యకు కూడా కేబులులోనే మార్గం ఉంది, ఏడో భాగంలో చెబుతాను.

2. రంధ్రాన్ని చూసి కేబులును గుర్తుపట్టండి

పరికరం వెనక్కి తిప్పి, ఫోను లైటు వేసి చూడండి. ఇళ్లలో కనిపించేవి ఇవే.

ఎనిమిది పిన్నుల వెడల్పు సాకెట్టు. జాక్ వెడల్పు సుమారు 12 మిల్లీమీటర్లు. దీన్నే ఆర్‌జె45 అంటారు. రౌటరు, కంప్యూటరు, స్మార్ట్ టీవీ, సెట్ టాప్ బాక్సు, నెట్‌వర్క్ కెమెరా, అన్నిటికీ ఇదే. "ల్యాన్ కేబులు" అని మనం పిలిచేది దీనికే.

దానిలాగే ఉండి సన్నగా కనిపించేది టెలిఫోను సాకెట్టు, ఆర్‌జె11. ఫైబరు పెట్టె వెనక "టెల్" లేదా "ఫోన్" అని రాసి ఉంటుంది. ఇక్కడ జాగ్రత్త కావాలి: టెలిఫోను జాక్ ల్యాన్ సాకెట్టులో దూరుతుంది, వదులుగా నిలబడుతుంది కూడా. నెట్ మాత్రం రాదు. పైగా ఆ చిన్న జాక్ అంచులు సాకెట్టులోని అటు చివరి, ఇటు చివరి పిన్నులను వంచేస్తాయి. దూరింది కదా అని సరైనదే అనుకోకండి.

నలుచదరంగా, ఆకుపచ్చ లేదా నీలం రంగు ప్లాస్టిక్కుతో ఉన్నది ఫైబరు సాకెట్టు. దీని సంగతి కింద విడిగా ఉంది.

చుట్టూ మరలు, మధ్యలో చిన్న రంధ్రం ఉన్నది డిష్ యాంటెన్నా కోయాక్సియల్ కేబులుకు. ఆ కేబులు లోపల ఒకే ఒక్క మందపాటి తీగ ఉంటుంది, తొడుగు మీద ఆర్‌జీ6 అని ఉంటుంది. పాత సీసీ కెమెరాలకు తిప్పి బిగించే గుండ్రటి బీఎన్‌సీ కొన ఉంటుంది. "మూడు ప్లస్ ఒకటి" అని దుకాణాల్లో అడిగేది వాటి కేబులునే. కొత్తగా నెట్‌వర్క్ కెమెరాలు కొంటున్నవారు పాత అలవాటుతో దీన్ని చుట్టలు చుట్టలు తెచ్చుకుంటారు. దాని వల్ల ఉపయోగం లేదు.

ప్రింటరు వెనక రెండు రంధ్రాలు ఉండవచ్చు: నలుచదరపు యూఎస్‌బీ ఒకటి, ల్యాన్ ఒకటి. ఒక్క కంప్యూటరుకే అయితే యూఎస్‌బీ చాలు. ఇంట్లో అందరూ వాడాలంటే ల్యాన్ సాకెట్టులో పెట్టి రౌటరుకు కలపండి.

రౌటరు వెనక అయిదు సాకెట్లు ఒకేలా ఉంటాయి, పని మాత్రం ఒకటి కాదు. "వ్యాన్" లేదా "ఇంటర్నెట్" అని రాసి ఉన్నది, తరచూ వేరే రంగులో ఉండేది, బయటి నుంచి వచ్చే నెట్‌కు. మిగతా నాలుగు ఇంటి పరికరాలకు. రంగులకు నియమం లేదు, కంపెనీని బట్టి మారతాయి. కాబట్టి రాత చూడండి.

ఫైబరు పెట్టె నుంచి టీవీ సెట్ టాప్ బాక్సుకు వెళ్లే కేబులు పీకేటప్పుడు అది ఏ నంబరు సాకెట్టులో ఉందో గుర్తుపెట్టుకోండి. కొన్నిచోట్ల టీవీ సిగ్నలును ఒకే సాకెట్టుకు కేటాయిస్తారు. పక్కదాంట్లో పెడితే నెట్ వస్తుంది, చానెళ్లు రావు.

3. ఫైబరు తాకేముందు

వీధి స్తంభం నుంచి ఇంట్లోకి వచ్చే సన్నటి నల్ల తీగలో వెంట్రుకంత గాజు పోగు ఉంటుంది. ఆ భాగం కేబులు ఆపరేటరు పని. మనం మార్చగలిగేది గోడ మీది పెట్టెకు, ఫైబరు యంత్రానికి మధ్య ఉన్న చిన్న పసుపు కేబులు మాత్రమే. అది కొనేటప్పుడు సింగిల్ మోడ్ అని అడగండి. నారింజ రంగువి, లేత నీలం రంగువి సాధారణంగా మల్టీమోడ్, ఇంటి ఫైబరుకు పనికిరావు.

కొన రంగు ఇంకా ముఖ్యం. ఆకుపచ్చ కొన లోపలి గాజు 8 డిగ్రీల వాలుతో చెక్కి ఉంటుంది. నీలం కొనలో ఆ వాలు ఉండదు. రెండూ ఒకే సాకెట్టులో దూరతాయి. కానీ నీలాన్ని ఆకుపచ్చకు జోడిస్తే గాజు ముఖాలు కలవవు, మధ్యలో సందు మిగిలి వెలుతురు వృథా అవుతుంది. ఆకుపచ్చలో ఆకుపచ్చ, నీలంలో నీలం.

పీకిన ఫైబరు కొనను కంటికి ఎదురుగా పెట్టి చూడకండి. అందులో వచ్చేది కంటికి కనిపించని కాంతి, చీకటిగా ఉంది కాబట్టి ఏమీ రావడం లేదనుకోవడం పొరపాటు. చేత్తో ముట్టుకోకండి, ఊదకండి. పీకిన వెంటనే టోపీ పెట్టండి.

యంత్రం మీద "ఎల్‌ఓఎస్" దీపం ఎర్రగా వెలిగితే వెలుతురు అందడం లేదని అర్థం. పసుపు కేబులు ఎక్కడైనా మడత పడిందేమో, సోఫా కింద నలిగిందేమో చూడండి. అది తిన్నగా ఉంటే ఆపరేటరును పిలవండి. అతని చేతి మీటరులో అంకె మైనస్ 10కీ మైనస్ 25కీ మధ్య ఉంటే సిగ్నలు బాగున్నట్టే. మైనస్ 27 దాటి కిందికి పోతే బయట ఎక్కడో తేడా ఉంది.

4. తొడుగు మీది రాతను చదవండి

ల్యాన్ కేబులు తొడుగు మీద మీటరు మీటరుకూ ఒక వరుస అచ్చు వేసి ఉంటుంది. కేబులుకు అదే జాతకం. దుకాణంలోనే ఆ వరుస మొత్తం చదవండి, అక్షరాలు చిన్నవైతే ఫోనులో ఫొటో తీసి పెద్దది చేసుకోండి.

మొదట క్యాట్ అంకె, అంటే కేబులు తరగతి. క్యాట్ 5ఈ వంద మీటర్ల దాకా 1 జీబీపీఎస్ (1000 ఎంబీపీఎస్) వేగం మోస్తుంది. 2016లో వచ్చిన ప్రమాణం ప్రకారం ఇదే కేబులు మీద 2.5 జీబీపీఎస్ కూడా పంపవచ్చు, రెండు కొనల్లోని పరికరాలు అందుకు తగ్గవైతే. క్యాట్ 6 మీద 1 జీబీపీఎస్ వంద మీటర్లు, 10 జీబీపీఎస్ అయితే సుమారు 55 మీటర్ల దాకా. క్యాట్ 6ఏ అదే 10 జీబీపీఎస్‌ను వంద మీటర్లు తీసుకెళుతుంది, కానీ లావుగా, బిరుసుగా ఉంటుంది, మూలల్లో తిరగదు.

నా లెక్క ఇది. గోడలో కొత్తగా వేస్తుంటే క్యాట్ 6. ఇప్పటికే క్యాట్ 5ఈ వేసి ఉండి, బాగా పనిచేస్తుంటే పీకవద్దు. ఒట్టి క్యాట్ 5 అని ఉంటే, పక్కన "ఈ" (e) అనే అక్షరం లేకపోతే, కొత్తగా కొనవద్దు. క్యాట్ 7, క్యాట్ 8 అని అట్ట మీద మెరిసే అక్షరాలతో రాసినవి ఇంటికి దండగ. అమెరికా టెలికాం పరిశ్రమ సంఘం టీఐఏ ప్రమాణాల్లో క్యాట్ 7కు అసలు చోటే లేదు, 6ఏ తరువాత 8కి వెళ్లిపోయారు. ఆ క్యాట్ 8 కూడా 30 మీటర్ల దూరానికి, సర్వర్లు పేర్చిన గదుల కోసం. మీ ఇంటి నెట్ 100 ఎంబీపీఎస్ అయితే క్యాట్ 8 వేసినా అది 100గానే ఉంటుంది.

తరువాత యూటీపీ, ఎఫ్‌టీపీ లాంటి మూడక్షరాలు. యూటీపీ అంటే లోపల రేకు చుట్టని మామూలు కేబులు. ఎఫ్‌టీపీలో రేకు ఉంటుంది. ఆ రేకును సరైన ఎర్తుకు కలపకపోతే దానివల్ల ఒరిగేది లేదు. ఇంటికి యూటీపీ చాలు.

ఆ తరువాత ఏడబ్ల్యూజీ అంకె, అంటే గేజి, తీగ మందం. ఇక్కడ అంకె పెరిగితే తీగ సన్నబడుతుంది. క్యాట్ 6కు 23, క్యాట్ 5ఈకి 24 ఉంటే మంచిది. మీటరు పొడవున్న రెడీమేడ్ కేబుళ్లలో 26 ఉన్నా ఫరవాలేదు. నలభై మీటర్ల దారికి 26 వద్దు.

చివర పొడవు అంకె. డబ్బాలో మొత్తం 305 మీటర్లు, అంటే వెయ్యి అడుగులు. ఒక కొన దగ్గర 214, రెండో కొన దగ్గర 241 ఉంటే మీ చేతిలో ఉన్నది 27 మీటర్లు. దుకాణంలో చేతులు బారగా చాచి కొలిచి ఇస్తుంటే ఈ అంకెలు చూపించండి, వాదన ఉండదు. కొన్ని కంపెనీలు అడుగుల్లో వేస్తాయి, అంకె పక్కన ఏముందో చూసుకోండి.

5. రాగా, రాగి పూతా?

ఇంటి కేబుళ్లతో వచ్చే గొడవల్లో సగం ఇక్కడే మొదలవుతాయి. చవకగా దొరికే చాలా కేబుళ్లలో తీగ అల్యూమినియం, పైన రాగి పూత. అచ్చులో సీసీఏ అని ఉంటే అది ఇదే. నిజాయితీ లేనివారు ఆ అక్షరాలు కూడా వేయరు. రాగితో పోలిస్తే అల్యూమినియం కరెంటును మోసే శక్తి సుమారు 61 శాతం. పైగా రెండు మూడుసార్లు వంచితే విరిగిపోయే గుణం.

ఎలా పట్టుకోవాలి? కొన దగ్గర అంగుళం తొడుగు తీసి, ఒక్క తీగ ప్లాస్టిక్కు ఒలిచి, చాకు మొనతో గీకండి. రాగి అయితే ఎంత గీకినా ఎర్రగానే ఉంటుంది. పూత అయితే లోపల నుంచి తెల్లటి వెండి మెరుపు బయటపడుతుంది. అర నిమిషం పని. దుకాణదారు మొహమాటపెడితే అడుగు ముక్క కొనుక్కుని బయటికి వచ్చి గీకి చూడండి.

డబ్బా మొత్తం కొంటుంటే బరువు కూడా చెబుతుంది. 23 గేజి క్యాట్ 6 తీగలు ఎనిమిది, 305 మీటర్ల పొడవున లెక్క వేస్తే రాగి ఒక్కటే అయిదున్నర కిలోలు తూగుతుంది. ప్లాస్టిక్కు, తొడుగు ఆ పైన. డబ్బా బరువు పది కిలోలకు బాగా తక్కువగా ఉంటే లోపల రాగి ఉండే అవకాశం తక్కువ.

ఈ పాఠం నేను డబ్బు పెట్టి నేర్చుకున్నాను. మా డాబా మీద కెమెరాకు నలభై మీటర్ల చవక కేబులు వేసి, 12 వోల్టుల అడాప్టరు కరెంటునే కేబులులోని ఖాళీ జతల్లో (ఎనిమిది తీగలు రెండేసి పురి తిరిగి నాలుగు జతలుగా ఉంటాయి, ఆ కెమెరా నెట్‌కు రెండే వాడుకుంటుంది) పంపే చిన్న జోడు తగిలించాను. పగలంతా బొమ్మ అద్దంలా వచ్చేది. చీకటి పడగానే కెమెరా ఆరిపోయేది, వెలిగేది, ఆరిపోయేది. కెమెరా చెడిపోయిందని మార్చాను, కొత్తదీ అంతే. చివరికి మల్టీమీటరు పట్టుకుని రాత్రి డాబా ఎక్కాను. పగలు పది వోల్టులకు పైన చేరుతున్నది, రాత్రి కెమెరా తన చీకటి దీపాలు వెలిగించుకుని ఎక్కువ కరెంటు లాగగానే తొమ్మిదికి దిగువకు పడిపోతోంది. కేబులు కొన గీకితే తెల్లగా మెరిసింది.

6. దారిని బట్టి తొడుగు

గదుల్లో, గోడ పైపుల్లో: మామూలు పీవీసీ తొడుగు చాలు. 20 మిల్లీమీటర్ల పైపులో మూడు క్యాట్ 6 కేబుళ్లు, 25 మిల్లీమీటర్ల పైపులో అయిదు సులువుగా పడతాయి. అంతకు మించి కుక్కితే లాగేటప్పుడు జతల పురి చెదురుతుంది. కొత్త ఇల్లు కడుతున్నవారు నెట్‌కు విడి పైపు వేయించండి. కరెంటు వైర్లున్న పైపులో ల్యాన్ కేబులు దూర్చడం వేగానికి మంచిది కాదు, ప్రాణానికీ మంచిది కాదు. రెండూ పక్కపక్కనే పోవలసి వస్తే జానెడు దూరం ఉంచండి. ఒకదాన్నొకటి దాటవలసి వస్తే అడ్డంగా దాటించండి.

ఎండ తగిలే చోట: నల్లటి పాలిథిన్ తొడుగు ఉన్న అవుట్‌డోర్ కేబులు. ఏప్రిల్, మే నెలల్లో మన డాబా మీద చెప్పులు లేకుండా నిలబడలేం. బూడిద రంగు పీవీసీ ఆ ఎండకు బిరుసెక్కి పెంకులా పగులుతుంది. ఆ పగుళ్లలోంచి అక్టోబరు, నవంబరు వానలు లోపలికి దిగుతాయి. అవుట్‌డోర్ కేబులు దొరకకపోతే మామూలు దాన్నే పైపులో వేయండి, పైపు రెండు మూతులూ కిందికి వంచండి.

రెండు ఇళ్ల మధ్య: అన్నదమ్ముల ఇళ్లు పక్కపక్కనే ఉండి ఒకే నెట్ పంచుకుంటుంటారు. డాబా నుంచి డాబాకు రాగి కేబులు లాగవద్దు. దగ్గరలో పిడుగు పడితే ఆ తీగే దాన్ని రెండు ఇళ్లకూ పంచుతుంది. రెండు ఇళ్ల ఎర్తులు వేరు కావడం ఇంకో ఇబ్బంది. అక్కడ ఫైబరు వేసి, రెండు కొనల్లో మీడియా కన్వర్టరు అనే చిన్న పెట్టెలు పెట్టించండి. గాజులో కరెంటు పారదు. ఆ ఫైబరులో కూడా ఇనుప తీగ ఆధారం లేని రకం అడగండి.

వంపులు: క్యాట్ 6ను అంగుళం వ్యాసార్థం కంటే బిగువుగా వంచకండి. పలకల తలుపు కింద నలిపి, మేకులు కొట్టి బిగించిన కేబుళ్లు చాలా చూశాను. కేబులు కట్టే ప్లాస్టిక్కు టైలు (కట్లు) కూడా చేత్తో జరిపితే జరిగేంత వదులుగా ఉండాలి. ఎలుకలున్న అటకల మీద పైపు తప్పదు.

7. కరెంటు కూడా కేబులులోనే పంపాలంటే

దీన్ని పీఓఈ (పవర్ ఓవర్ ఈథర్నెట్) అంటారు. స్విచ్చి అంటే ఇక్కడ కరెంటు స్విచ్చి కాదు, ఒక ల్యాన్ కేబులును చాలా సాకెట్లకు పంచే పెట్టె. సరైన పీఓఈ స్విచ్చి అవతల ఉన్న పరికరానికి కరెంటు కావాలో వద్దో ముందు పరీక్షించి, కావాలంటేనే 48 వోల్టుల స్థాయిలో పంపుతుంది. 2003 ప్రమాణంలో ఒక్కో సాకెట్టుకు 15.4 వాట్లు, 2009 దాంట్లో 30 వాట్లు. ఇంటి కెమెరాలకు మొదటిది చాలు. వోల్టేజీ ఎక్కువ కాబట్టి కరెంటు తక్కువ, దారిలో నష్టం తక్కువ. మా డాబా కెమెరా ఇప్పుడు ఇలాగే, రాగి కేబులు మీద నడుస్తోంది.

అడగకుండానే కరెంటు తోసే చవక రకాలు కూడా ఉన్నాయి. వాటి కొనను పొరపాటున టీవీకో కంప్యూటరుకో తగిలిస్తే సాకెట్టు కాలిపోవచ్చు. ఆ కేబులు రెండు కొనలకూ ఎర్ర టేపు చుట్టి ఉంచండి.

8. కొనలు బిగించే వరుస

చిన్న దూరాలకు రెడీమేడ్ కేబులే కొనండి. పైపులో లాగిన కేబులుకు మాత్రం లాగాకే కొన బిగించాలి. జాక్ కొనేటప్పుడు మీ కేబులు క్యాట్ 6 అయితే క్యాట్ 6 జాకే అడగండి, 5ఈ జాక్‌లో ఆ లావు తీగలు దూరవు.

జాక్‌ను క్లిప్పు కిందికి, మెరిసే పిన్నులు పైకి, కేబులు మీ వైపుకు వచ్చేలా పట్టుకోండి. ఎడమ నుంచి:

1. నారింజ గీతల తెలుపు
2. నారింజ
3. ఆకుపచ్చ గీతల తెలుపు
4. నీలం
5. నీలం గీతల తెలుపు
6. ఆకుపచ్చ
7. గోధుమ గీతల తెలుపు
8. గోధుమ

దీన్ని టీ568బీ వరుస అంటారు. రెండు కొనలకూ ఇదే. ఒక కొనకు ఒక వరుస, ఇంకో కొనకు వేరే వరుస వేసే క్రాస్ఓవర్ కేబులు ఇప్పటి పరికరాలకు అవసరం లేదు, అవే సర్దుకుంటాయి.

జతల పురిని అరంగుళానికి మించి విప్పకండి. తొడుగు జాక్ లోపలికి వెళ్లాలి, క్రింపింగ్ ప్లయరు నొక్కినప్పుడు జాక్ పట్టవలసింది తొడుగును, తీగలను కాదు.

ఇక్కడ ఒక పొరపాటు గురించి నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఇది పరీక్షలో కూడా దొరకదు. ఎర్రముక్కపల్లెలో ఒక ఇంట్లో పై గదికి వెళ్లే కేబులు నెలల తరబడి విసిగించింది. నెట్ వస్తుంది, పెద్ద ఫైలు దిగుతుంటే తెగిపోతుంది. వైరింగు చేసిన కుర్రవాడు టెస్టరు పెట్టి చూపించాడు. "చూడండన్నా, ఒకటి నుంచి ఎనిమిది దాకా వరుసగా వెలుగుతున్నాయి. ఇక తప్పేముంది?" అన్నాడు. నిజమే, వెలుగుతున్నాయి. జాక్ వైపు చూస్తే నారింజ జత, ఆకుపచ్చ జత, నీలం జత, గోధుమ జత, ఏ జతకా జత పక్కపక్కనే ముచ్చటగా పేర్చాడు. రెండు కొనలకూ అలాగే. కాబట్టి ఒకటో పిన్ను ఒకటికే చేరుతోంది, టెస్టరుకు అంతకు మించి తెలియదు.

కానీ పరికరం 3, 6 పిన్నులను ఒక జతగా వాడుతుంది. అతని వరుసలో 3 ఆకుపచ్చ జతది, 6 నీలం జతది. పురి తిరిగింది ఒకదానితో, పని చేయవలసింది ఇంకొకదానితో. ఒక జతలోని తీగలు రెండూ కలిసి పురి తిరిగినందువల్లే పక్క జతల అలజడి వాటిని అంటదు. ఆ పురి తప్పితే పక్కవారి మాటలన్నీ చెవిన పడ్డట్టే. రెండు మీటర్ల కేబులులో ఇది బయటపడదు, పాతిక మీటర్లలో పడుతుంది. రెండు జాకులూ కోసి వరుస మార్చి బిగించాం, పావుగంట పని. అందుకే నీలం జత మధ్యలో, ఆకుపచ్చ దానికి అటూ ఇటూ. చూడటానికి వింతగా ఉన్నా అదే సరైనది.

9. బిగించాక పరీక్ష

- టెస్టరులో ఎనిమిది దీపాలూ వరుసగా, రెండు వైపులా
- కంప్యూటరులో నెట్‌వర్క్ సెట్టింగులు తెరిచి లింక్ స్పీడు చూడండి: 1000 ఉండాలి
- ఒక పెద్ద ఫైలు పది నిమిషాలు దించండి, మధ్యలో తెగకూడదు
- కేబులు కొనను కొద్దిగా కదిపి చూడండి, దీపం మిణుకుమనకూడదు

కొన్నవెంటనే రసీదు పారేయకండి. ఈ నాలుగూ అయ్యాకే.

10. లక్షణాన్ని బట్టి తప్పు

వేగం ఎంత చూసినా 94 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోతోంది. మీ ప్లాను 200. ఇది ఆపరేటరు తప్పు కాదు. కేబులు 100 ఎంబీపీఎస్‌కు దిగిపోయింది. 100కు నాలుగు తీగలు చాలు, 1000కి ఎనిమిదీ కావాలి. ఒక్క తీగ తెగినా చాలా పరికరాలు చప్పుడు చేయకుండా 100కు దిగి పనిచేస్తాయి. ఎక్కువగా గోధుమ లేదా నీలం జతలో ఉంటుంది, కొన కోసి మళ్లీ బిగించండి. అయితే టీవీలో 94 చూసి కంగారు పడకండి: చాలా స్మార్ట్ టీవీల ల్యాన్ సాకెట్టే 100 వరకు. సినిమాకు అది చాలినంత. పాత స్విచ్చి కూడా 100దే కావచ్చు, దాని మీద గిగాబిట్ అని ఉందో లేదో చూడండి.

దీపం అసలు వెలగదు. ముందు రెండు కొనలూ టిక్కుమనేలా నొక్కండి. క్లిప్పు విరిగిన జాక్ కనిపించకుండా వెనక్కి జారుతుంది. తరువాత వేరే సాకెట్టు, తరువాత వేరే కేబులు. ఒకేసారి రెండు మార్చితే తప్పు ఎక్కడిదో తెలియదు.

ఇంట్లో అన్ని పరికరాలకూ నెట్ ఒక్కసారిగా ఆగింది, స్విచ్చి దీపాలన్నీ పిచ్చిగా మిణుకుతున్నాయి. ఎవరో ఒక కేబులు రెండు కొనలూ ఒకే స్విచ్చిలో పెట్టారు. ఇల్లు ఊడ్చేటప్పుడు వేలాడుతున్న కొన చూసి, పాపం, ఖాళీ రంధ్రంలో పెట్టేస్తారు. ఒకటి పీకండి, క్షణాల్లో సర్దుకుంటుంది.

రెండో రౌటరు పెట్టాక ప్రింటరు కనిపించడం లేదు. రెండో దాంట్లో కేబులు వ్యాన్ సాకెట్టుకు వెళ్లి ఉంటుంది. దాన్ని యాక్సెస్ పాయింట్ (వచ్చిన నెట్‌ను వైఫైగా పంచడం మాత్రమే చేసే) పద్ధతికి మార్చండి. ఆ పద్ధతి లేని పాతది అయితే సెట్టింగుల్లో డీహెచ్‌సీపీ (పరికరాలకు నెట్‌వర్క్ చిరునామాలు ఇచ్చే పని) ఆపి, కేబులును ల్యాన్ సాకెట్టుకు మార్చండి.

11. దుకాణానికి తీసుకెళ్లే చీటీ

- క్యాట్ 6, యూటీపీ, 23 గేజి, పూర్తి రాగి (గీకి చూసుకోవాలి)
- ఎండ దారికి నల్ల అవుట్‌డోర్ తొడుగు, ఎన్ని మీటర్లో విడిగా
- క్యాట్ 6 జాకులు, లెక్కకు మించి నాలుగు. మొదటిసారి బిగించేవారు రెండైనా పాడుచేస్తారు
- మీటరు, రెండు మీటర్ల రెడీమేడ్ కేబుళ్లు, పరికరానికొకటి
- ఫైబరు కొన రంగు, పాతదాని ఫొటో
- కెమెరాలు ఉంటే పీఓఈ స్విచ్చి, ఎన్ని సాకెట్లో
- క్రింపింగ్ ప్లయరు, టెస్టరు: ఒక్కరోజు పనికి కొనడం దండగ, తెలిసిన ఎలక్ట్రీషియన్ దగ్గర అడిగి తెచ్చుకోండి

పని అయ్యాక ప్రతి కేబులుకూ రెండు కొనల్లో తెల్ల టేపు చుట్టి "హాలు టీవీ", "పై గది", "గేటు కెమెరా" అని పెన్నుతో రాయండి. మొదట గీసిన కాగితం మీద కూడా అవే పేర్లు రాసి, మీటరు బోర్డు తలుపు లోపల అంటించండి.